ఉత్పాదకత యను కొలబద్ద: చెన్నపట్టణపు తోళ్ల పరిశ్రమ దృష్టాంతముగా ఒక విమర్శ

చెన్నపట్టణమునకు దక్షిణమున, పల్లావరమునకును తాంబరమునకును నడుమ క్రోంపేట యను ఊరు కలదు. ఊళ్లకు దేవతల పేరులు, దాతల పేరులు, చెట్ల పేరులు ఏర్పడుట లోకసామాన్యము. ఒక లోహము పేర ఊరు వెలయుట మాత్రము అరుదు. ఇరువదవ శతాబ్దపు రెండవ దశకమున చేంబర్సు దొర ఆ ప్రాంతమున నెలకొల్పిన క్రోము తోళ్ల కర్మాగారమే ఆ నామమునకు మూలము. అంతకుముందు ఈ రాజధానియందు తోళ్లను పదునుచేయుటకు ముఖ్యసాధనము తంగేడు చెక్క. తంగేడు పోయి క్రోము వచ్చిన ఆ మార్పునకు ఆ ఊరిపేరు శాసనమువలె నిలిచియున్నది.

అర్థశాస్త్రజ్ఞులు ఇట్టి మార్పును సాధన ప్రతిక్షేపమందురు. ఉత్పత్తికి కావలసిన ఒక సాధనమునకు బదులుగా వేరొక సాధనమును వినియోగించుటయే ప్రతిక్షేపము. శాస్త్రజ్ఞానము పెరిగినకొలది ప్రతిక్షేపము సుకరమగుననియు, దానివలన ఉత్పాదకత వృద్ధిపొందుననియు, ఉత్పాదకత వృద్ధియే జాతిసంపదకు మూలమనియు నేడు పండితులును పాలకులును నమ్ముచున్నారు. ఆ వృద్ధి మందగించినచో దేశమునకేదియో రోగము పట్టినదని కలతచెందుచున్నారు. ఈ నమ్మకమును పూర్తిగా త్రోసివేయుట ఈ వ్యాసమునకు ఉద్దేశము గాదు. అయితే వృద్ధియనియు మాంద్యమనియు మనము చెప్పుకొను అంకెలు దేనిని కొలచుచున్నవి, దేనిని కొలువకున్నవి అను ప్రశ్నను మనకు చిరపరిచితమైన ఒక పరిశ్రమను ముందుంచుకొని విచారించుటయే ఇచట ప్రయత్నము.

పూర్వపక్షము

మొదట ప్రతిపక్షవాదమును న్యాయముగా చెప్పవలెను. 1957లో రాబర్టు సోలో అను అమెరికా అర్థశాస్త్రవేత్త తన దేశపు 1909 మొదలు 1949 వరకు గల నలువదేండ్ల లెక్కలను పరిశీలించి, పనిగంట యొక్కంటికి కలిగిన ఉత్పత్తి వృద్ధిలో ఎనిమిదింట ఒక వంతు మాత్రమే మూలధనము పెరుగుటవలన కలిగినదనియు, మిగిలిన ఏడువంతులును సాంకేతిక పరిణామఫలమనియు నిర్ణయించెను. శ్రమను, మూలధనమును లెక్కలోనుండి తీసివేయగా మిగిలిన భాగమే ఇది. కావున దీనికి శేషమని పేరు వచ్చినది. అంతకు ఒక యేడు ముందే మోసెస్ అబ్రమోవిట్సు ఇట్టి శేషము మన జ్ఞానమునకు గాక మన అజ్ఞానమునకు కొలత యని హెచ్చరించియుండెను. పదియేండ్ల పిమ్మట 1967లో జార్గెన్‌సను, గ్రిలికీసు అను నిరువురు, సాధనములను సరిగా లెక్కించినచో శేషము మిక్కిలి స్వల్పమగునని వాదించిరి. అనగా, లెక్కలో చేరని సాధనమేదియైనను ఉన్నచో దాని ఫలమంతయు సాంకేతిక ప్రగతి పద్దులో పడును. ఈ సూక్ష్మమును పాఠకులు మనస్సున నుంచుకొనవలెను. ఈ వ్యాసమునకు ఇదియే ఇరుసు.

1973 తరువాత అమెరికా మొదలగు దేశములలో ఉత్పాదకత వృద్ధి మందగించెను. కారణాన్వేషణమునకు పూనుకొన్నవారిలో ఎడ్వర్డు డెనిసను 1979లో వెలువరించిన గ్రంథము ముఖ్యమైనది. నూనెధరలు, పరిసరరక్షణ శాసనములు, శ్రామికుల వయోభేదములు మొదలైనవన్నియు ఎంచిచూచినను మాంద్యములో అధికభాగమునకు కారణము చిక్కకయే పోయెను. మనదేశమున 1960ల నడిమినుండి పరిశ్రమల వృద్ధి కుంటువడెను. ఈశర్ జడ్జి అహ్లువాలియా 1985లోను, 1991లోను ప్రకటించిన గ్రంథములలో ఆ కాలమున మన పరిశ్రమల ఉత్పాదకత స్తంభించెననియు, 1980 తరువాత మరల పుంజుకొనెననియు ప్రతిపాదించిరి. ఆ ప్రతిపాదనము దేశపు ఆర్థికవిధానముపై చాల ప్రభావమును నెఱపినది.

వాదమిది. ఇక తోళ్ల కథకు వత్తము.

తంగేడు

తెలుగుదేశపు మెట్టనేలలలో తంగేడు ఎఱుగనివారు లేరు. బతుకమ్మ పండుగనాడు తెలంగాణమున పూజలందు పూవది. దాని బెరడు తోళ్లను పదునుచేయుటకు ప్రశస్తమైనది. ఉత్తరహిందూస్థానమున తుమ్మచెక్క వాడుకలో నుండగా దక్షిణమున తంగేడుచెక్కయే ప్రధానముగా నుండెను. పల్లెలలో మాదిగలు పచ్చితోలును సున్నపునీట నానవేసి, వెండ్రుకలు గీచి, లందలో పదునుచేయువారు. తోలును సంచివలె కుట్టి, చెక్కపొడియు నీరును నింపి వ్రేలాడదీయుట వేరొక పద్ధతి. చెన్నపట్టణ ప్రాంతపు తోళ్లశాలలలో ఇదే పని పెద్దయెత్తున జరిగెడిది. పలుచని కషాయమునుండి చిక్కని కషాయములోనికి తోళ్లను క్రమముగా మార్చుచు, తుదకు కరక్కాయ కషాయమున ముంచి, కానుగనూనె పట్టించి సిద్ధపఱచువారు. ఈ పనికి వారములు పట్టెడిది. ఇట్లు తయారైన తోళ్లు ఈస్టిండియా తోళ్లను పేరుతో లండను విపణిలో ప్రసిద్ధికెక్కెను. మొదటి ప్రపంచయుద్ధమున బ్రిటిషు సైనికుల పాదరక్షలకు ఇవి విశేషముగా ఉపకరించెను. పచ్చితోళ్ల ఎగుమతిపై 1919లో నూటికి 15 వంతున సుంకము విధింపబడుటకు ఈ యనుభవమే దోహదము చేసెను.

ఈ పద్ధతిలో జ్ఞానమెచ్చటనున్నది? యంత్రములో లేదు, గ్రంథములో లేదు. కషాయమెంత చిక్కనిదో నాలుకతో చవిచూచి, తోలెంత పదునెక్కినదో వ్రేళ్లతో నొక్కిచూచి చెప్పగల పనివాని దేహమందున్నది. ఆ పనివాడు చాలవఱకు ఊరికి వెలుపల నివసించువాడు. చెన్నపట్టణమునను పరిసరజిల్లాలలోను ఈ వృత్తిలోనున్న అరుంధతీయులలో పెక్కుమంది ఇంట తెలుగు మాటలాడువారే. మన భాషాసంఘముల చరిత్రలలో వర్తకులును, కవులును, న్యాయవాదులును కనిపించుచున్నారు గాని వీరు కనిపించుట అరుదు. వీరి నేర్పును కొలువ ఏ గణాంకశాఖయు పూనుకొనలేదు. కొలువబడని సాధనములలో ఇది మొదటిది.

తంగేడునకు ప్రథమప్రతిద్వంద్వి క్రోము గాదు, వాటిల్ చెక్క. ఇది ఆస్ట్రేలియాలో పుట్టి దక్షిణాఫ్రికాలోని నేటాలు ప్రాంతమున విస్తారముగా సాగుచేయబడిన తుమ్మజాతి వృక్షము. తంగేడుచెక్కలో కషాయసారము నూటికి సుమారు 18 పాళ్లుండగా వాటిల్‌లో 30 పాళ్లకు పైగా నుండును. కావున ఓడలో సముద్రము దాటివచ్చియు అది చవుకగా గిట్టెను. పిమ్మట నీలగిరులలోను పళని కొండలలోను ఈ చెట్టును విరివిగా నాటిరి. నేడా చెట్టు అదుపుతప్పి, కొండలమీది పచ్చికబయళ్లను ఆక్రమించి, వానానీటిని పట్టియుంచు ఆ బయళ్ల స్వభావమునకే హాని చేయుచున్నదని పరిసరశాస్త్రవేత్తలు చెప్పుచున్నారు. ఈ ప్రతిక్షేపమువలన తోళ్లశాల లెక్కలో కొంత లాభము కనబడినది. కొండల నష్టము ఏ లెక్కలోనికిని ఎక్కలేదు.

క్రోము

క్రోము లవణములతో తోలును పదునుచేయు పద్ధతి అమెరికాలో 1884లో ఆగస్టస్ షుల్ట్సు పొందిన స్వామ్యహక్కుతో వాణిజ్యరూపము దాల్చెను. దానిని చెన్నపట్టణమునకు తెచ్చినవాడు ఆల్‌ఫ్రెడ్ చాటర్టను. ఇచ్చటి చిత్రకళాపాఠశాలలో 1898లో అల్యూమినియము పాత్రల తయారీని ప్రారంభించినవాడును ఈతడే. ఇత్తడికి బదులు అల్యూమినియము, తంగేడునకు బదులు క్రోము. ప్రతిక్షేపమే ఈతని జీవితకార్యమనదగును.

చాటర్టను క్రోము తోలును మొదట దేనికొఱకు ఉద్దేశించెనో గమనింపదగినది. అది బూటుజోళ్లకు మాత్రమే గాదు. రైతుల కపిలబానలకు. నిరంతరము నీటిలో మునిగితేలు తోలుబాన తంగేడుతో పదునైనదైనచో త్వరగా చివికిపోవును. క్రోముతోలు నీటికి ఓర్చును. కావున రైతునకు మేలని ఆతని తలంపు. కాని ఆ కాలముననే ఆ చాటర్టనే బావులకు నూనెయంత్రములను, పంపులను ప్రవేశపెట్టుటకును పాటుపడెను. ఒకచేత కపిలబానను చిరకాలము మన్నునట్లు చేయుచు, మఱొకచేత కపిలయే అక్కఱలేకుండ చేసినాడు. ఇందు వింతయేమియు లేదు, సాంకేతిక పరిణామస్వభావమే ఇట్టిది. ఒక సాధనము మెఱుగుపడి పూర్తి ఫలమీయకముందే మఱొకటి దానిని నిరుపయోగము చేయును. మెఱుగుపఱచుటకైన వ్యయము అంకెలలో పెట్టుబడిగా నిలుచును. నిరుపయోగమైన దానిని మాత్రము ఎవరును తీసివేయరు. 1910లో భారతమంత్రి మార్లే ప్రభువు ప్రభుత్వము స్వయముగా పరిశ్రమలు నడపుటను నిరసించి ఉత్తరువు పంపగా చాటర్టను ప్రయత్నములకు గండిపడెను. ఆ పిమ్మట క్రోము పద్ధతి వర్తకుల చేతులలోనికి పోయెను. క్రోంపేట ఆ ఘట్టమునకు గుర్తు.

క్రోము పద్ధతి మేలులను తక్కువచేసి చెప్పుట అన్యాయము. వారములు పట్టు పని తిరుగుడు పీపాలలో ఒక్కదినమున ముగియును. తోలు పలుచగా, మెత్తగా, బలముగా నుండును. మరుగునీటికైనను ముడుచుకొనదు. పాదరక్షల పైతోలునకు దీనిని మించినది లేదు. లందలలోను తొట్లలోను వారములకొలది నిలిచిపోవు మూలధనము త్వరగా చేతికి వచ్చును. పనివా డొక్కనికి దినమునకు తయారగు తోళ్ల సంఖ్య పెక్కురెట్లు హెచ్చును. ఉత్పాదకత పెరిగెననుటకు ఇంతకన్న ప్రత్యక్షప్రమాణ మేమి కావలెను? అయినను క్రోము లవణములో సుమారు మూడింట రెండువంతులు మాత్రమే తోలునకు పట్టును. మిగిలినది నీటితో వెలుపలికి పోవును. సాధారణ పద్ధతిలో ఇది తప్పదు. ఈ మూడవవంతు ఎచ్చటికి పోవుచున్నదను ప్రశ్న చాలకాలము ఎవరికిని తోచలేదు.

స్వాతంత్ర్యానంతరము చాలయేండ్లు మనము అర్ధసిద్ధములైన తోళ్లనే ఎగుమతి చేయుచుంటిమి. 1972లో సీతారామయ్య సంఘము చేసిన సూచనలను అనుసరించి ప్రభుత్వము అట్టి తోళ్ల ఎగుమతిని పరిమితముచేసి, పూర్తిగా తయారైన తోళ్లను, తోలువస్తువులను ప్రోత్సహించెను. విదేశములలో జరుగుచుండిన ముగింపుపనులు మనదేశమునకు వచ్చినవి. ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట, పల్లావరము పెద్ద కేంద్రములైనవి. వేలాదిమందికి, అందును స్త్రీలకు, పని దొరకెను. వస్తువునకు మనదేశముననే చేరిన విలువ హెచ్చెను. 1980 తరువాత మన పరిశ్రమల ఉత్పాదకత పుంజుకొనెనను వాదమునకు ఇట్టి పరిశ్రమ చక్కని ఉదాహరణముగా కనబడును.

కొలతలోని రెండు దోషములు

ఇప్పుడు విమర్శకు దిగుదము. మొదటి దోషము లెక్కించు పద్ధతికి సంబంధించినది. 1994లో పులాప్రె బాలకృష్ణన్, పుష్పాంగదన్ అను పండితులు అహ్లువాలియా మొదలగువారి లెక్కలను ఆక్షేపించుచు దీనిని బయటపెట్టిరి. విషయమును సుబోధము చేయుటకు ఒక ఊహాత్మకమైన తోళ్లశాలను తీసికొందము.

ఒక యేట ఆ శాల 100 రూపాయల తోలును తయారుచేసి, పచ్చితోళ్లకును మందులకును 60 రూపాయలు వ్యయించినదనుకొందము. శ్రమచేతను మూలధనముచేతను చేరిన విలువ 40. మఱుసటి యేట అన్నే తోళ్లు, అన్నే మందులు, అంతే పనివారు. తయారైన తోలు ధర మారలేదు. మందులధర మాత్రము తగ్గి, వ్యయము 50కి దిగినది. చేరినవిలువ 50గా కనబడును. తయారైన వస్తువు ధరతో మాత్రమే దీనిని సవరించినచో, ధర మారలేదు గనుక, 40 మీద 10, అనగా నూటికి 25 వంతుల వృద్ధి కలిగినట్లగును. కాని శాలలో ఒక్కచెయ్యియు వేరుగా కదలలేదు, ఒక్కతోలును అదనముగా పుట్టలేదు. ఉత్పత్తిని దాని ధరతోను, సాధనములను వాటి ధరలతోను వేర్వేరుగా సవరించినచో 100లో 60 పోగా 40. వృద్ధి సున్న. మందులధర పెరిగి వ్యయము 70 అయినచో మొదటి పద్ధతి నూటికి 25 వంతుల పతనమును చూపును. అదియును భ్రమయే.

ఈ దోషమును సవరించి చూడగా 1980 తరువాతి పునరుజ్జీవనము సంశయాస్పదమని బాలకృష్ణన్, పుష్పాంగదనులు వాదించిరి. దానిపై పెక్కువాదములు జరిగెను. ఏ పక్షము జయించెననుట ఇచట ముఖ్యము గాదు. ఒక దేశపు పదునైదేండ్ల ప్రగతియో పతనమో సవరణపద్ధతి నాశ్రయించి తాఱుమాఱు కాగలదనుటయే మనము గ్రహింపవలసినది. సాధన ప్రతిక్షేపము ముమ్మరముగా జరుగుకాలముననే ఈ యపాయము ఎక్కువ. ఏలయన ప్రతిక్షేపమునకు కారణము సాధనముల ధరలు ఒకదానితో నొకటి పొసగక మారుటయే గదా!

రెండవ దోషము దీనికన్న లోతైనది. 1932లో హిక్సు పండితుడు, ప్రియమైన సాధనమును పొదుపుచేయు దిశకే నూతనకల్పనలు సాగునని చెప్పెను. ఇది సత్యమైనచో దీనికొక అనుబంధసత్యము కలదు. ధరయే లేని సాధనమును పొదుపుచేయు దిశకు ఏ కల్పనయు సాగదు. ప్రియమైన వానికి బదులుగా వెలలేని దానిని విచ్చలవిడిగా వాడు దిశకే కల్పనలు మొగ్గుచూపును. తోళ్లశాలలో కూలికి ధర కలదు, కాలమునకు వడ్డీరూపమున ధర కలదు, తంగేడుచెక్కకు ధర కలదు. ఏటినీటికి, ఊటబావికి, దిగువనున్న రైతు పొలమునకు ఆ శాల లెక్కలో ధరలేదు. కాలమును ఆదాచేయు పద్ధతి వచ్చి, వ్యర్థజలమును నేలపై విడిచినది. మనము తంగేడునకు బదులు క్రోమును వాడితిమనుకొంటిమి. వాస్తవమున తంగేటికిని కాలమునకును బదులుగా క్రోమును, దానితోబాటు పాలారు నీటిని వాడితిమి. రెండవదానిని లెక్క వ్రాయలేదు. జార్గెన్‌సను, గ్రిలికీసుల న్యాయమునుబట్టి, వ్రాయబడని సాధనఫలము సాంకేతికప్రగతి పద్దులో జమయైనది.

పాలారు సాక్ష్యము

ఇది కేవలము తర్కము గాదనుటకు న్యాయస్థానపు దస్త్రమే సాక్షి. ఉత్తరార్కాటు ప్రాంతపు పౌరసంఘమొకటి వేసిన అర్జీపై 1996 ఆగస్టు 28వ తేదీన సర్వోన్నతన్యాయస్థానము తీర్పు చెప్పెను. దేశపు తయారైన తోళ్ల ఎగుమతిలో నూటికి సుమారు 80 వంతులు తమిళనాడునుండియే పోవుచుండెనని ఆ తీర్పులోనే కలదు. కిలో తోలునకు సుమారు 35 లీటర్ల నీరు ఖర్చగుచున్నదనియు, తోళ్లశాలల ప్రాంతమున దాదాపు 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతయో పూర్తిగనో వ్యవసాయమునకు పనికిరాకపోయెననియు అందు పేర్కొనబడినది. ఈ పరిశ్రమ విదేశద్రవ్యమును ఆర్జించుచున్నదని అంగీకరించుచునే, పరిసరములను నాశనముచేయు హక్కు దానికి లేదని న్యాయమూర్తులు తీర్మానించిరి. ఒక్కొక్క శాలకు 10,000 రూపాయల జుల్మానా విధించి, నష్టపడినవారికి పరిహారము నిర్ణయించుటకు ఒక అధికారసంస్థను నియమింపవలెనని ఆజ్ఞాపించిరి. కలుషితముచేసినవాడే మూల్యము చెల్లింపవలెనను సూత్రము మనదేశమున స్థిరపడుటలో ఈ తీర్పు ప్రధానమైనది.

ఇచట ఒక నిజమును మఱువరాదు. పాలారు ప్రాంతపు బావులు ఉప్పనగుటకు క్రోమొక్కటియే కారణమనుట తప్పు. పచ్చితోళ్లు కుళ్లకుండ పట్టించు ఉప్పే నేలలోనికి దిగి భూగర్భజలమును చెఱచుటలో ముఖ్యపాత్ర వహించినది. తంగేడుతోనో వాటిల్‌తోనో పదునుచేసినను ఆ యుప్పు పోదు. కషాయజలమును ఏటిని చెఱచును. చెక్క తీసిన తంగేడు తుప్ప తిరిగి కోలుకొనుటయు కష్టమే. కావున పూర్వపద్ధతి నిర్దోషము, నూతనపద్ధతి సర్వదోషభూయిష్టము అను వాదము భావుకతయేగాని విమర్శ గాదు. రాశియును వేగమును పెరుగుటచే నేల భరింపగలిగిన హద్దు దాటుట జరిగినది. ఆ హద్దును కొలుచు అంకె మన ఉత్పాదకతా సూత్రములలో లేకపోవుట మన ఆక్షేపణ.

తీర్పునకు పిమ్మట జరిగినది మఱింత బోధకరము. శాలలు ఉమ్మడిగా వ్యర్థజలశుద్ధి కేంద్రములను నడపవలసివచ్చెను. ఒక్కచుక్కయు వెలుపలికి పోరాదను నియమము వచ్చిన తరువాత నీటిని సూక్ష్మపొరలగుండ వడపోసి ఉప్పును వేఱుచేయు యంత్రములను పెట్టిరి. వీనికి పెట్టుబడి కావలెను, విద్యుత్తు కావలెను, మనుష్యులు కావలెను. తయారగు తోలు మాత్రము ముందటియంతయే. సాధనములు పెరిగి ఉత్పత్తి పెరుగనప్పుడు సూత్రము ఏమి చెప్పును? ఉత్పాదకత మందగించినదనును. పాలకునకు దిగులు, వర్తకునకు ఫిర్యాదు. కాని విచారించి చూచినచో ఇది మాంద్యము గాదు, ఋణవిమోచనము. మొదట వచ్చిన వృద్ధిలో కొంతభాగము రైతు బావినుండి చెప్పకుండ తెచ్చిన అప్పు. అప్పు చేసిననాడు దానిని ఆదాయమని వ్రాసికొంటిమి. తీర్చుచున్ననాడు నష్టమని వ్రాసికొనుచున్నాము. రెండు పద్దులును తప్పే.

అమెరికాలో డెనిసను పరిసరరక్షణ శాసనములను మాంద్యకారణములలో నొకటిగా ఎన్నుటయు ఈ దృష్టితో మరల పరిశీలింపదగియున్నది. లెక్కలు వ్రాయువానిగా ఆతడు చేసినది దోషము గాదు. ఆ లెక్కను చదువువారు అంతటితో ఆగి, శాసనమే రోగమని నిశ్చయించుట దోషము. శాసనము లేనప్పటి ఆరోగ్యము నిజమైన ఆరోగ్యమేనా యని అడుగవలసియుండెను.

నాయుడమ్మగారి మార్గము

ఈ చరిత్రలో తెలుగువారు తప్పక తలంపవలసిన వ్యక్తి డాక్టరు యలవర్తి నాయుడమ్మగారు. 1922లో గుంటూరుమండలపు తెనాలి ప్రాంతమున రైతుకుటుంబమున జన్మించిరి. కాశీవిశ్వవిద్యాలయమునను పిమ్మట అమెరికాలోను విద్యనభ్యసించి, చెన్నపట్టణమున అడయారులో 1948లో ఏర్పడిన కేంద్ర చర్మపరిశోధనాలయమునకు 1958 మొదలు 1971 వరకు అధ్యక్షులై, తరువాత దేశపు శాస్త్ర పారిశ్రామిక పరిశోధనామండలికి మహానిర్దేశకులైరి. 1985 జూన్ 23న కనిష్క విమానదుర్ఘటనలో అకాలమరణము చెందిరి.

అంటరానివారి వృత్తియని లోకము చీదరించుకొను పనిని రైతుబిడ్డ విద్యగా స్వీకరించుటయే ఒక సాంఘికవిప్లవము. వారి శాస్త్రదృష్టిలో రెండంశములు మన వాదమునకు సంబంధించినవి. ఒకటి, ప్రయోగశాల వర్తకుని వాకిటికిని పల్లెవాని లందకును నడచిపోవలెనను నియమము. రెండవది, పాశ్చాత్యదేశపు పద్ధతిని ఉన్నదున్నట్లు దింపుకొనక, ఇచ్చటి ముడిపదార్థములకు, ఇచ్చటి మనుష్యుల శక్తికి తగినట్లు మార్చుకొనవలెనను వివేకము. విదేశపు కషాయద్రవ్యములకు బదులుగా దేశీయద్రవ్యముల అన్వేషణము, చచ్చినపశువు శరీరములోని ఏ భాగమును వ్యర్థముగాకుండ వినియోగించుట మొదలగు ప్రయత్నములకు ఈ దృష్టియే ఆధారము. ఇదియును సాధన ప్రతిక్షేపమే. అయితే అంగడిధర యొక్కటియే దీనికి మార్గదర్శి గాదు, జనుల స్థితికూడ మార్గదర్శి.

అయినను నిష్పక్షపాతముగా చెప్పవలసినచో, ఆ కాలపు శాస్త్రప్రపంచమంతయు ఉత్పత్తిని పెంచుటయం దుంచిన శ్రద్ధను ఉత్పత్తిశేషమునం దుంచలేదు. ఆ కొఱతను తీర్చుపని తరువాతితరముపై పడెను. 1989లో జర్మనీదేశము తోళ్లకు బూజుపట్టకుండ వాడు పెంటాక్లోరోఫినాలును నిషేధించినప్పుడు మన వర్తకులు కలవరపడిరి. బదులు మందును చూపి ఎగుమతిని నిలుపుటలో ఆ పరిశోధనాలయము తోడ్పడెను. 2015 మే 1 నుండి ఐరోపాసమాఖ్య తోలువస్తువులలో విషకరమైన ఆఱవసంయోజకతగల క్రోమునకు కిలోకు 3 మిల్లీగ్రాముల హద్దు విధించెను. నీటియవసరము లేకయే క్రోమును తోలునకు పట్టించు పద్ధతిని ఆ పరిశోధనాలయమే కనిపెట్టినది. వ్యర్థముగా పోవుచుండిన మూడవవంతు క్రోమును తోలునందే నిలుపవలెనను యత్నమది. ఇన్నాళ్లకు ఈ కల్పన రాగలుగుటకు కారణమేమి? వ్యర్థజలమునకు శాసనము ఒక ధరను ఏర్పఱచుటయే. హిక్సు న్యాయము ఇప్పుడు మేలుదిశకు పనిచేయుచున్నది. ధరలేనినాడు శాస్త్రజ్ఞుని బుద్ధి ఆ దిశకు మరలలేదు. ధర ఏర్పడగానే మరలెను. శాసనము ఉత్పాదకతకు శత్రువనువారికి ఇది సమాధానము.

సిద్ధాంతము

చెప్పిన విషయమును సంగ్రహింతము. సాంకేతికపరిణామము సాధనములను ఒకదానికొకటిగా మార్చును. ఆ మార్పులో లెక్కకెక్కని సాధనములు వాడబడినచో ఆ భాగము ప్రగతివలె కనబడును. లెక్కకు ఎక్కినపిదప అదే భాగము మాంద్యమువలె కనబడును. కావున ఒక జాతి ఉత్పాదకత మందగించినదని వినినప్పుడు దానికి రోగనిర్ణయము చేయుటకు ముందు మూడు ప్రశ్నలు అడుగవలెను. సాధనముల ధరలును వస్తువుల ధరలును వేర్వేరుగా సవరింపబడెనా? నేల, నీరు, గాలి యను వెలలేని సాధనములు ముందటి లెక్కలో ఉండెనా? పనివాని నేర్పు నశించినప్పుడు దానిని నష్టముగా ఎవరైన వ్రాసిరా?

మొదటి ప్రశ్నకు పండితులు సమాధానము వెదకుచున్నారు. రెండవ ప్రశ్నకు న్యాయస్థానము కొంత సమాధానము చెప్పించినది. మూడవ ప్రశ్నను మాత్రము ఇంకను ఎవరును అడుగలేదు. కషాయమును నాలుకతో చవిచూచి తోలు తీరు చెప్పిన తెలుగు పనివాని మనుమడు నేడు అదే పేటలలో క్రోము పీపావద్ద దినకూలియై యుండవచ్చును, శుద్ధికేంద్రపు బురదను ఎత్తుచు ఉండవచ్చును. తాతకు తెలిసిన విద్య వానికి రాలేదు, క్రొత్తవిద్యను వానికి ఎవరును నేర్పలేదు. ఈ రెండు విద్యలనడుమ జాఱిపోయినది జాతిసంపదలో భాగము కాదా? దాని కొలత కనుగొనునంతవఱకు మన అంకెలు తోలుపై రంగువంటివే. పైకి నిగనిగలాడును గాని లోపలి పదునును చూపవు.

అర్థశాస్త్రము లెక్కలశాస్త్రమైనను అది మనుష్యుల లెక్కల శాస్త్రము. లెక్క పెద్దదగుటకన్న పూర్ణమగుట ముఖ్యము. విజ్ఞులగు పాఠకులు ఈ విషయమును తమ తమ వృత్తులలోను, తమ ఊళ్లలోను పరీక్షించి చూతురుగాక.